మీనాకుమారి మడి

కుక్కుటేశ్వరరావు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టి ఇరవై రోజులైంది. అంతకుముందు ఏడాది పాటు ఆయన ఆ గుమ్మం వైపు చూడలేదు. భార్య మీనాకుమారి పోయింది మొదలు, జ్యేష్ఠమాసంలో సంవత్సరీకం అయ్యేదాకా, వీధి గుమ్మంలోంచి వచ్చాడు, వీధి గుమ్మంలోంచే వెళ్లాడు. పెరడు సంగతి కోడలు సాయిసుధ చూసుకుంది. సంవత్సరీకం అయిన మర్నాడు తానే గడియ తీసి, రెండు మెట్లు దిగి, కాసేపు నిలబడి, లోపలికి వచ్చేశాడు. ఆ తర్వాత రోజూ వస్తున్నాడు.

తణుకులో గోస్తనీ గట్టుకు రెండు వీధుల ఇవతల, గోడకు గోడ ఆనించి ఇళ్లు కట్టేసిన చోట, అంత పెరడు ఉండడమే విశేషం. మధ్యలో నిమ్మచెట్టు, దాని పక్కనే ఆకులు కలిపేసుకున్న మందారం, గోడ వారన నూరువరహాలు, తలంబ్రాల పొద, కరివేపాకు. ఓ మూల ఎవరూ కావాలని పెంచుకోని జిల్లేడు. చూరుకు పిట్టల కోసం అల్లించిన వరికుచ్చు, దాని కింద మట్టి మూకుడులో నీళ్లు. నిమ్మచెట్టు నీడలో ఇద్దరు కూర్చోగలిగే చెక్కబల్ల.

మీనాకుమారి ఉన్నన్నాళ్లూ ఆ పెరట్లో పిచ్చుకలూ గోరింకలూ పికిలిపిట్టలూ తమ ఇంట్లో తిరిగినట్టు తిరిగేవి. ఆవిడ పదోరోజున పిండం పెట్టగానే కాకి వచ్చి ముట్టింది. తీరని కోరికలేమీ లేవని అందరూ తృప్తిపడ్డారు. సాయిసుధ మాత్రం అది ఏళ్ల తరబడి అత్తగారి చేతి అన్నం తిన్న కాకి అని మనసులో అనుకుంది.

కుక్కుటేశ్వరరావుది ఎరువులు, పురుగుమందుల దుకాణం. నలభై రెండేళ్లుగా అదే బల్ల వెనక కూర్చున్నాడు. రైతు ఓ ఆకును కవర్లో వేసుకొచ్చి బల్ల మీద పెడితే, కళ్లజోడు పెట్టుకోకుండానే పురుగు పేరు, మందు పేరు, ట్యాంకుకు ఎన్ని మూతలు పోయాలో చెప్పేసేవాడు. ఊళ్లో డాక్టర్లు చాలామంది ఉన్నా, చుట్టుపక్కల పల్లెల్లో డాక్టరుగారంటే ఆయనే.

ఇంట్లో మాత్రం ఆ డాక్టరుగారికి ఒక నియమం ఉండేది. కొట్టు నుంచి రాగానే తిన్నగా ఇంట్లోకి రాకూడదు. ఇంటి పక్క సందులోంచి రావాలి. సందు చివర నీళ్ల గాబు, ఇత్తడి చెంబు, కొయ్యకు ఉతికిన పంచె. చెప్పులూ చొక్కా అక్కడే వదిలి తలారా స్నానం చేశాకే లోపలికి అడుగు. పెరట్లోకైతే మరీనూ. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే మీనాకుమారి ఆ పద్ధతి పెట్టింది. ఎందుకని అడిగితే మడి అంది. ఆయన మళ్లీ అడగలేదు. పైగా కొట్టు దగ్గర పెద్దమనుషులతో, మా ఇంట్లో మడి అంటే మాటలు కాదండీ, నన్నే సందులో నిలబెడుతుంది అని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆవిడ పోయాక గాబులో నీళ్లు నింపేవాళ్లు లేరు. నింపమని ఆయనా అనలేదు. కొట్టు చొక్కాతోనే వీధి గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూలబడేవాడు. ఈ ఇరవై రోజులుగా ఆ చొక్కాతోనే పెరట్లోకీ వెళుతున్నాడు. సాయిసుధ చూసేది. ఏదో అనబోయి ఊరుకునేది.

ఆ శనివారం పొద్దున ఇడ్లీలు తింటూ కొడుకు ఉదయ్‌భాస్కర్ గోడౌను మాట మళ్లీ ఎత్తాడు. అద్దె గోడౌను వాళ్లు దీపావళిలోగా ఖాళీ చెయ్యమంటున్నారు. పెరటి వెనక వీధిలోకి ట్రాలీ ఆటో వస్తుంది. పెరడు చదును చేసి రేకుల షెడ్డు వేస్తే బస్తాలూ పెట్టెలూ ఇంటి వెనకే ఉంటాయి. శ్రావణం రాగానే మేస్త్రిని పిలిచి ముగ్గు పోయించేద్దామన్నాడు.

కుక్కుటేశ్వరరావు పెరటి గుమ్మం వైపు చూశాడు. ఏడాదైంది కదా అనిపించింది. ఆవిడ లేని పెరడు ఎవరికోసం అని కూడా అనిపించింది.

"నిమ్మచెట్టు మాత్రం ముట్టుకోవద్దు. దాని చుట్టూ వదిలి కట్టుకో."

"అలాగే నాన్నగారూ. ఒక్క చెట్టేగా."

సాయిసుధ చేతిలో చట్నీ గిన్నె ఉంది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, "పెరడంతా ఉండాలండి," అంది భర్తతో. ఎందుకని అతను అడిగాడు. ఆమె మామగారి వైపు ఒకసారి చూసి, "ఊరికే," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఊరికే అన్న కారణానికి బస్తాలు రోడ్డు మీద పెట్టలేం కదా అని ఉదయ్‌భాస్కర్ నవ్వాడు.

ఆ సాయంత్రం కుక్కుటేశ్వరరావు నిమ్మచెట్టు దగ్గరకెళ్లి కొమ్మ వంచి చూశాడు. చిగుళ్లు సగం లేవు. ఆకుల అంచులు కత్తిరించినట్టున్నాయి. లేత ఆకుల మీద పిట్టరెట్టలా మరకలు, ముదురు ఆకుల మీద బొద్దుగా పచ్చటి పురుగులు. ఆయనకు కళ్లజోడు అవసరం లేకపోయింది. నిమ్మ తోటల వాళ్లు ఏటా రెండుసార్లు తెచ్చి చూపించే పురుగే. మీనాకుమారి తన చేత్తో నాటిన చెట్టు. ప్రతి వేసవిలో జాడీ నిండా ఊరగాయ పెట్టిన చెట్టు. తను ఇంట్లో ఉండగా, తన కళ్ల ముందు, పురుగు తినిపోతుంటే చూస్తూ కూర్చుంటాడా?

ఆదివారం ఇంకా ఎండ రాకముందే లేచాడు. కొట్టు నుంచి తెచ్చిన చిన్న సీసా, మందు కొట్టే చేతిపంపు బయటికి తీశాడు. మందు కొలిచి, నీళ్లలో కలిపి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిమ్మచెట్టుకు మొదలు నుంచి చివర దాకా, ఆకు పైనా ఆకు కిందా తడిసేలా కొట్టాడు. వంటింట్లో సాయిసుధ గారెలకు పప్పు రుబ్బుతోంది. మిక్సీ చప్పుడులో పంపు చప్పుడు కలిసిపోయింది. చాలా రోజుల తర్వాత ఆయనకు తను మీనాకుమారికి ఒక పని చేసిపెట్టినట్టు అనిపించింది.

అప్పుడు పక్కింటి గోడ మీదుగా క్రిస్టినా తొంగిచూసింది. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. చర్చికి బయలుదేరి, తెల్లచీర కట్టుకుని ఉంది. వాసన తగిలి ఆగినట్టుంది.

"అన్నయ్యగారూ, ఏం కొట్టారండి?"

"నిమ్మకు పురుగు పట్టిందమ్మా. రేపటికి ఒక్కటి మిగలదు చూడండి."

క్రిస్టినా కళ్లు మందారం కొమ్మ మీదికి వెళ్లాయి. ఆయన కూడా అటు చూశాడు. కొమ్మ చీలిక మధ్య చిన్న గిన్నెలాంటి గూడు. అందులోంచి మూడు ఎర్రటి నోళ్లు తెరుచుకుని పైకి లేచాయి.

"సాయిసుధా," అని పిలిచింది క్రిస్టినా, కాస్త గట్టిగా. "ఒకసారి రామ్మా."

మిక్సీ ఆగింది. సాయిసుధ పిండి చేతులతోనే వచ్చింది. పంపును చూసింది, సీసాను చూసింది, ఆకుల చివర్ల నుంచి కారుతున్న తెల్లటి చుక్కలను చూసింది. ఆమె వెనకే కళ్లు నులుముకుంటూ పదేళ్ల చిన్ని వచ్చింది. తిన్నగా చెట్టు దగ్గరకెళ్లబోతుంటే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నావి ఎక్కడ?" అంది చిన్ని. "అమ్మా, నా పద్నాలుగు పురుగులూ ఎక్కడ?"

పురుగులు ఒక్కొక్కటీ మెలికలు తిరుగుతూ నేల మీదికి రాలుతున్నాయి. చిన్ని వాటిని చూసి, తాతగారి చేతిలో పంపును చూసి, మొహం తల్లి చీరలో దాచుకుంది. ఏడుపు వినబడలేదు గాని భుజాలు కదులుతున్నాయి.

ఈ గోలకు ఉదయ్‌భాస్కర్ లేచి వచ్చాడు. సంగతి విని, పురుగులకు మందు కొడితే ఏడవడమేంటని కూతుర్ని కసిరాడు. మందుల కొట్టువాళ్ల ఇంట్లో పురుగుల్ని పెంచుతున్నారని తెలిస్తే ఊరు నవ్వుతుందన్నాడు.

కుక్కుటేశ్వరరావుకు కోడలి మొహం చూస్తే చిరాకు వచ్చింది. "చెట్టు చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకున్నారు మీరిద్దరూ. మీ అత్తయ్య మడిగా పెంచుకున్న చెట్టమ్మా అది. తను ఉంటే ఇలా కానిచ్చేదా?"

సాయిసుధ పదమూడేళ్లుగా ఆ ఇంటి కోడలు. మామగారి ఎదట గొంతు పెంచింది లేదు. అప్పుడూ పెంచలేదు.

"అత్తయ్యగారికి మడి లేదండి," అంది.

ఆయనకు నవ్వు వచ్చింది. "నలభై ఏళ్లు సందులో నా చేత నీళ్లు పోయించింది. నాకు తెలియదా?"

"రోజూ నాలుగింటికి క్రిస్టినా ఆంటీ వాళ్లింట్లో టీ తాగేవారు. పెసరట్టు వేస్తే అక్కడే తినేవారు. క్రిస్మస్‌కి వాళ్ల కేకు మనింటికి వచ్చేదాకా కూడా ఆగేవారు కాదు. మడి ఉన్న మనిషి చేసే పనులాండీ ఇవి?"

ఆయన గోడ వైపు చూశాడు. క్రిస్టినా తల దించుకుంది. ఆ తల దించుకోవడంలోనే జవాబుంది. నాలుగింటికి ఆయన ఎప్పుడూ కొట్లో ఉండేవాడు.

"మరెందుకు?" అన్నాడు.

చెప్పింది క్రిస్టినాయే. చర్చి గంట మోగినా ఆమె కదలలేదు. గోడకు అటువైపు నిలబడే, ఎప్పటిదో సంగతి నెమ్మదిగా చెప్పింది. కొత్త కాపురంలో ఒక సాయంత్రం ఆయన కొట్టు నుంచి వచ్చి, ఉక్కపోతగా ఉందని చొక్కా విప్పి, అప్పుడే ఎదుగుతున్న నిమ్మమొక్క మీద ఆరేశారట. ఆ రోజుల్లో పొడిమందులు విడిగా తూచి అమ్మేవారు. చొక్కా నిండా అదే పొడి. తెల్లారేసరికి మొక్క మీద మీనాకుమారి రోజూ చూసుకుంటున్న గొంగళిపురుగులన్నీ కింద రాలి ఉన్నాయట. వాటిని ఏరుకుతిన్న పిట్ట కూడా మధ్యాహ్నానికి మూకుడు పక్కనే పడి ఉందట. మీనాకుమారి ఆ పిట్టను చేతిలో పెట్టుకుని ఈ గోడ దగ్గరకే వచ్చిందట.

"ఆయనకు చెప్పు వదినా అన్నానండి నేను. చెప్పనంది. అది మాకు అన్నం పెట్టే కొట్టు, నేను వంక పెట్టినట్టు ఉంటుంది, రేపు బల్ల వెనక కూర్చున్నప్పుడు ఆయనకు నా మాట గుర్తుకొస్తుంది అంది. మడి అంటాను, మడి అంటే మగాళ్లు ఎదురడగరు అని నవ్విందండి."

సాయిసుధ అంది, "నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పారండి. కొట్టును ఇంట్లో ఎప్పుడూ ఒక్క మాట అనకు, పెరట్లోకి రానివ్వకు, అంతే అన్నారు. ఆవిడ పోయాక గాబు నింపి మిమ్మల్ని స్నానం చెయ్యమని అడగాల్సింది. నాకు నోరు రాలేదు. ఇందులో నా తప్పూ ఉంది."

కుక్కుటేశ్వరరావు పంపును మెట్టు మీద పెట్టాడు. అంతలో చిన్ని తల్లి చీరలోంచి మొహం తీసింది.

"అమ్మా, పికిలిపిట్ట."

నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న తల్లిపిట్ట నేల మీద దిగింది. మెలిక తిరుగుతున్న పచ్చటి పురుగును ఒకదాన్ని ముక్కున కరుచుకుని మందారం మీదికి ఎగిరింది. మూడు నోళ్లూ తెరుచుకున్నాయి.

మందు కొట్టిన చేలోకి వారం దాకా కోళ్లను వదలకండి. ఈ మాట ఆయన రోజుకు ఇరవైసార్లు చెబుతాడు. సీసా చేతికిచ్చేటప్పుడు, చిల్లర ఇచ్చేటప్పుడు, మెట్లు దిగిపోయే రైతును వెనక్కి పిలిచి మరీ చెబుతాడు. అలా చెప్పే కొట్టు ఊళ్లో తనదొక్కటేనని ఆయనకు గర్వం. ఈ పెరట్లో కోళ్లు లేవు గనుక ఆ మాట ఆయనకు గుర్తు రాలేదు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని ఏడాదిగా పూజ కూడా కుర్చీలోనే చేసుకుంటున్న మనిషి, నేల మీద కూర్చుండిపోయి రాలిన పురుగులను ఏరడం మొదలుపెట్టాడు.

"భాస్కరా, పాత దుప్పటి తెచ్చి చెట్టు కింద పరువు. ఇంకా రాలతాయి, నేల మీద పడకూడదు. సుధా, సబ్బు చితక్కొట్టి బకెట్లో కలుపమ్మా. మూకుడులో నీళ్లు పారబోసి, మూకుడు కడిగి, దూరంగా పెట్టు. క్రిస్టినా గారూ, మీ చెట్టున పండిన బొప్పాయి ఉందా?"

ఆ గొంతు మళ్లీ డాక్టరుగారి గొంతే. ఏ మందు ఆకు మీద ఎన్నాళ్లుంటుందో, దేనితో కడిగితే పోతుందో ఆ ఇంట్లో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరు. ఉదయ్‌భాస్కర్ దుప్పటి తెచ్చాడు. సబ్బునీళ్లతో చెట్టును కడిగారు, గూడున్న కొమ్మ మీద చుక్క పడకుండా. తడిసిన పైమట్టిని చెక్కి బస్తాలో ఎత్తారు. క్రిస్టినా ఆ రోజు చర్చికి వెళ్లలేదు. బొప్పాయి ముక్కలు కోసి గోడ మీద వరుసగా పెట్టింది. చిన్ని ఆవిడ పెరట్లోని వంగమొక్కల్లో పురుగులు వెతికి ఆకులో పెట్టి తెచ్చి ముక్కల పక్కన పెట్టింది. తాత వైపు మాత్రం చూడలేదు.

ఆయన బల్ల మీద కూర్చుని చేతిలో తాటాకు విసనకర్రతో నిమ్మచెట్టు కిందికి వచ్చే పిట్టను అదిలిస్తూ సాయంత్రం దాకా ఉన్నాడు. తల్లిపిట్టకు ఆయన మీద కోపం వచ్చింది. గోడ మీద కూర్చుని గంటసేపు తిట్టింది. తర్వాత బొప్పాయి ముక్క తీసుకుపోయింది.

సోమవారం పొద్దున గూట్లో రెండు నోళ్లే లేచాయి.

మూడోదాన్ని సాయిసుధ తీసి ఆకులో పెట్టింది. నేను పెడతానని మామగారు చెయ్యి చాపాడు. నిమ్మచెట్టు మొదట్లో వేళ్లతోనే చిన్న గొయ్యి తీశాడు. మట్టి కప్పాక చాలాసేపు అక్కడే గొంతుకూర్చున్నాడు. చిన్ని స్కూలు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయింది.

నాట్ల కాలం. కొట్లో ఊపిరాడని రోజులు. నలభై రెండేళ్లలో ఈ రోజుల్లో ఆయన కొట్టు మానింది లేదు. ఆ వారం మానేశాడు. మిగిలిన రెండూ ఎగిరేదాకా కదలనన్నాడు. ఎవరో రైతు ఇంటిదాకా వచ్చి, ఆయ్, డాక్టరుగారు పెరట్లో పిట్టల్ని కాస్తన్నారంట గదండీ అని ఉదయ్‌భాస్కర్‌ను అడిగాడు. కొట్లో దాని మీద నవ్వుకున్నారు కూడా. కుక్కుటేశ్వరరావు విని, నవ్వుకోనీ అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం సాయిసుధ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అందరి ముందూ అలా అనాల్సింది కాదు మావయ్యగారూ."

ఆయన గ్లాసు తీసుకున్నాడు. "ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ణమ్మా. పురుగుల్ని పెంచుతావా అని నవ్వి, నలుగురిలో చెప్పి నవ్వించేవాణ్ణి. మీ అత్తయ్యకు ఆ సంగతి తెలుసు. అందుకే చెప్పలేదు." కాస్త ఆగి, "నా కొట్టు మీద ఈగ వాలనివ్వలేదు తను. నలభై ఏళ్లు," అన్నాడు. కాఫీ అలాగే చల్లారిపోయింది.

శుక్రవారం ఒక పిల్ల, శనివారం ఇంకొకటి మందారం కొమ్మ మీది నుంచి గోడ మీదికి, గోడ మీది నుంచి క్రిస్టినా వాళ్ల మామిడిచెట్టు మీదికి ఎగిరాయి. చిన్ని చప్పట్లు కొట్టింది. తాత అక్కడే ఉన్నాడని గుర్తొచ్చి ఆపేసింది.

శ్రావణం వచ్చింది. గురువారం పొద్దున్నే మేస్త్రి టేపూ తాడూ ముగ్గుడబ్బా పట్టుకుని పెరటి తలుపు దగ్గర చెప్పులు విప్పాడు. కుక్కుటేశ్వరరావు ఎదురెళ్లి, కాఫీ తాగి వెళ్లు బాబూ, ఇక్కడ పని లేదు అన్నాడు.

ఉదయ్‌భాస్కర్ తండ్రిని పక్కకు తీసుకెళ్లాడు. గడువు గుర్తుచేశాడు. జరిగినదానికి తనకూ బాధగానే ఉందన్నాడు. అయినా పిట్టలు ఎగిరిపోయాయి కదా, మిగిలింది నాలుగు పొదలే కదా అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఇల్లు నడిపేవాడి మాటే అది.

"గోడౌను మార్కెట్ యార్డు వైపు చూద్దాం. నేనూ తిరుగుతాను. దూరమైతే దూరం," అన్నాడు కుక్కుటేశ్వరరావు. "మీ అమ్మ నా కొట్టును ఒక్క మాట అనలేదురా. నా కొట్టును తీసుకొచ్చి తన పెరట్లో పెట్టలేను."

ఉదయ్‌భాస్కర్ తండ్రి మొహం చూశాడు. వెనక్కి వెళ్లి మేస్త్రికి తనే కాఫీ ఇచ్చాడు.

ఆ సాయంత్రం నుంచి గాబు నిండా నీళ్లు ఉన్నాయి. కొట్టుకు వెళ్లేముందు కుక్కుటేశ్వరరావు తానే నింపుకుంటున్నాడు. కొయ్యకు పంచె తగిలించుకుంటున్నాడు. చొక్కా విడిగా ఉతకడానికి ఒక బకెట్టు కూడా పెట్టుకున్నాడు. రాత్రి వర్షాలు బాగా పడ్డాయి. ఆయన రోజులు లెక్కపెట్టాడు. మందు కొట్టిన ఇరవై ఒకటో రోజున ఆకు నలిపి వాసన చూసి, ఇంక ఏమీ లేదు అన్నాడు. నిమ్మచెట్టు కొమ్మ కొమ్మకూ లేత చిగురు వేసింది. తినేసిన చెట్టే అంత చిగురు వేస్తుందని ఆయన రైతులకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఆదివారం కొట్టు తొందరగా కట్టేసి సందులోంచి వచ్చి, స్నానం చేసి పంచె బిగించుకుంటున్నాడు. పెరట్లోంచి పిలుపు వినబడింది.

"తాతయ్యా, రా. తొందరగా."

నెల రోజులైంది ఆ గొంతు తనను పిలిచి. తడి జుట్టుతోనే వెళ్లాడు. చిన్ని నోటి మీద వేలు పెట్టుకుని చూపించింది. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక ఒకటి చిగురు దగ్గర రెక్కలాడిస్తూ, పొట్ట వంచి ఆకును తాకి, మరో కొమ్మకు పోయింది. తాకిన చోట ఆవగింజంత పసుపు చుక్క మిగిలింది.

ఆయనకు కళ్లజోడు అవసరం లేకపోయింది.

"గుడ్డు," అన్నాడు. "మూడు నాలుగు రోజుల్లో పురుగవుతుంది. ముందు పిట్టరెట్టలా ఉంటుంది, తర్వాత పచ్చగా అవుతుంది."

"తర్వాత?"

తర్వాత ఏమవుతుందో ఆయనకు పుస్తకాల్లో తెలుసు. నలభై రెండేళ్లు ఆ పురుగును బల్ల మీద చూశాడు. అది ఏమవుతుందో చూడడానికి ఒక్కసారీ ఆగలేదు.

"తర్వాతది నువ్వు చూపించాలి," అన్నాడు.

"మామ్మ నీకెప్పుడూ చూపించలేదా?"

చూపించలేదని ఆయన అనబోయాడు. అప్పుడు చెవిలో ఒక మాట మోగింది. స్నానం చేసి రండి, కాసేపు పెరట్లో కూర్చుందాం. ఆ మాట రోజూ విన్నాడు. గాబు దగ్గర తువ్వాలు అందిస్తూ మీనాకుమారి అనేది. స్నానం రోజూ చేశాడు. చేసి, తిన్నగా హాల్లోకి వెళ్లి, పేపరు తీసుకుని, టీవీ పెట్టుకునేవాడు. ఆవిడ బల్ల మీద ఓ చివర కూర్చునేది. రెండో చివర ఖాళీగా ఉండేది. ఆవిడ మడి ఆయన్ను పెరట్లోకి రానివ్వకుండా ఉంచడానికి కాదు. రమ్మనడానికే.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. తడి జుట్టులోంచి నీళ్లు మొహం మీదికి కారుతున్నాయి. అవి నీళ్లేనని చిన్ని అనుకుంది. తన గౌను అంచుతో తుడిచింది.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. ఉదయ్‌భాస్కర్ కొట్టు చొక్కాతోనే హాల్లోంచి వచ్చి పెరటి గుమ్మంలో అడుగు పెట్టబోయాడు.

"ఆగరా," అన్నాడు తండ్రి. "సందులో గాబు ఉంది. స్నానం చేసి రా."

"ఏంటి నాన్నగారూ, మడా?"

"మడే."

ఉదయ్‌భాస్కర్ ఒక్క క్షణం గుమ్మంలో నిలబడి, వెనక్కి తిరిగి సందు వైపు నడిచాడు. చెంబు చప్పుడు వినబడింది. కుక్కుటేశ్వరరావు మనవరాల్ని ఒళ్లోకి తీసుకుని, బల్ల రెండో చివరకు జరిగి, కొడుక్కి చోటిచ్చాడు.